మూతపడ్డ బడుల అడ్మిషన్ రిజిస్టర్లను కాపాడండి: ఒక బడిపంతులు కూతురి బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల పాఠశాల విద్యాశాఖ అధికారులకు, మండల విద్యాశాఖాధికారులకు, ప్రాథమిక పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. మా నాన్నగారు 2025 ఆగస్టులో, శ్రావణ మాసంలో కాలం చేశారు. 1951 నుంచి 1989 వరకు 38 ఏళ్ళపాటు శ్రీకాకుళం జిల్లాలోని ఎలిమెంటరీ బడుల్లో ఆయన పాఠాలు చెప్పారు. అందులో సగానికి పైగా ఏకోపాధ్యాయ పాఠశాలల్లోనే గడిచింది. ఆయన గురించి నలుగురికీ చెప్పుకోవాలని, ఆయన తరఫున మిమ్మల్ని ఒక్క విషయం అడగాలని ఈ లేఖ రాస్తున్నాను. ఆ రెండూ నా మనసులో వేరువేరు సంగతులు కావు.

కర్మకాండ ముగిశాక మరణం నమోదు చేయించడానికి వెళ్ళి ఫారం నింపుతున్నప్పుడు, వయసు అన్న గడి దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఆధార్ కార్డు ప్రకారం నాన్నగారు పుట్టింది 1931 జూలై 1. మా నాన్నమ్మ మాట ప్రకారం ప్రజోత్పత్తి నామ సంవత్సరం కార్తీక మాసం, నాగుల చవితి నాడు. పుట్టలో పాలు పోసి ఇంటికి వచ్చేసరికి నొప్పులు మొదలయ్యాయని ఆమె బతికినన్నాళ్ళూ చెప్పేది. అంటే నవంబరు నడిమికి. కార్డులో ఉన్నదానికి, కన్నతల్లి చెప్పినదానికి నాలుగున్నర నెలల తేడా. కార్డుతో పొంతన కుదరకపోతే కాగితం తిరిగి వస్తుందని 94 అని రాసి ఇచ్చాను. ఆయన బతికి ఉంటే ఒప్పుకునేవారు కారు. ఇంకా 93 నిండి నడుస్తోందమ్మా, కొట్టేసి మళ్ళీ రాయి అనేవారు.

ఆయన పుట్టిన పల్లె నరసన్నపేటకు దగ్గరలో, వంశధార ఒడ్డున ఉంది. అప్పటికి ఆ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా కింద ఉండేది. 1936లో ఒడిశా వేరుపడినప్పుడు విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది. మనుషులు ఉన్నచోటనే ఉన్నారు, కాగితాలు మాత్రం మూడు జిల్లాలు తిరిగాయి. జనన మరణాల పుస్తకం గ్రామ మునసబు దగ్గర ఉండాలని అందరూ అనేవారు గాని, నాన్నగారు అడిగినప్పుడు చూపించగలిగినవాళ్ళు ఎవరూ లేకపోయారు. బడిలో చేర్చుకున్న పంతులుగారు మా తాతను పుట్టిన తేదీ అడగలేదు. పిల్లవాణ్ణి ఎగాదిగా చూసి, అయిదేళ్ళు నిండి ఉంటాయని అంచనా వేసి, జూలై 1 అని రాసుకున్నారు. ఆ ఒక్క అంకె ఆయన ఎలిమెంటరీ స్కూల్ లీవింగ్ సర్టిఫికెట్‌లోకి, అందులోంచి ట్రైనింగ్ సర్టిఫికెట్‌లోకి, అందులోంచి సర్వీసు రిజిస్టరులోకి ఎక్కింది. నెల మొదటి తేదీన పుట్టినవారు అంతకు ముందు నెల ఆఖరి రోజునే పదవీ విరమణ చేయాలి కనుక, 1989 జూన్ 30న ఆయన సుద్దముక్క కింద పెట్టేశారు. నాన్నమ్మ చెప్పిన తేదీయే లెక్కకు వచ్చి ఉంటే నవంబరు ఆఖరు దాకా పిల్లలతో ఉండేవారు. జీతం సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు. ఆ ఏడు ఒకటో తరగతిలో చేరిన పిల్లలకు ఒత్తులు కూడా చెప్పకుండా వచ్చేశానని మాత్రం చాలాసార్లు అన్నారు.

మన జిల్లాల్లో 50 ఏళ్ళు దాటినవాళ్ళ కార్డులు పది తెప్పించి పక్కపక్కన పెట్టి చూడండి. జూలై 1న, జూన్ 1న పుట్టినవాళ్ళు వాటిలో ఎందరుంటారో మీకే తెలుస్తుంది. ఇందుకు ఆనాటి పంతుళ్ళను తప్పు పట్టడం న్యాయం కాదు. బడి తెరిచే జూన్ నెలలో తొలకరి పడి, ఆకుమళ్ళు పోసే పని మొదలవుతుంది. తల్లిదండ్రులు పొలంలో ఉంటారు. పెద్దపిల్ల ఎవరో చంటివాణ్ణి చంకనెత్తుకుని, చేర్చవలసిన తమ్ముణ్ణి చేత్తో పట్టుకుని వస్తుంది. ఒక్క పంతులు, ఒక్క రోజులో ముప్పై నలభై మందిని చేర్చుకోవాలి. తేదీ గడి ఖాళీగా ఉంటే తనిఖీకి వచ్చినవారు ఊరుకోరు. లెక్కకు సులువుగా ఉండే తేదీ వేసి గండం గట్టెక్కినవాళ్ళే ఎక్కువమంది.

నాన్నగారు అలా చేయలేకపోయారు. చేరిక రోజున రిజిస్టరులో పుట్టిన తేదీ గడిని వదిలేసి, ఒక చిత్తు పుస్తకంలో పిల్లవాడి పేరు, తల్లి పేరు రాసుకునేవారు. సాయంత్రం బడి వదిలాక ఆ చిత్తు పుస్తకాన్ని, అయిదారేళ్ళ వెనకటి పంచాంగాలను చేతిసంచిలో పెట్టుకుని ఇంటింటికీ వెళ్ళేవారు. నాకు 12 ఏళ్ళప్పుడు, 1974లో, మా అమ్మ టైఫాయిడ్‌తో పోయింది. ఆ తరువాత ఇంట్లో మమ్మల్ని ఒంటరిగా వదలలేక నన్నూ తమ్ముణ్ణీ కూడా వెంటబెట్టుకు వెళ్ళేవారు. లాంతరు నా చేతిలో ఉండేది. అందుకే ఆయన ప్రశ్నలు నాకు ఇప్పటికీ వరస తప్పకుండా జ్ఞాపకం ఉన్నాయి.

ముందుగా ఏడు తేల్చేవారు. గెడ్డ పొంగి వంతెన కొట్టుకుపోయిన ఏడా, దానికి ముందా, తరువాతా? ఆ తరువాత నెల. కొత్తమాసకు, అంటే ఉగాది ముందటి అమావాస్యకు, ఇవతలా అవతలా? ఉడుపులు అయ్యాయా? చోళ్ళు కోతకు వచ్చాయా? రథసప్తమికి అరసవల్లి వెళ్ళారా, పచ్చి బాలింతరాలివని నిన్ను ఇంటి దగ్గర ఉంచేశారా? శివరాత్రి వెళ్ళాక ముఖలింగంలో చక్రతీర్థానికి పిల్లవాణ్ణి ఎత్తుకువెళ్ళావా? నెల తేలాక వెన్నెల రోజులా, చీకటి రోజులా అని అడిగేవారు. దానితో పక్షం తెలిసేది. చివరగా, సంతకు ముందా, సంత నాడా, సంత వెళ్ళిన మర్నాడా అని అడిగేవారు. ఊళ్ళో ఆడవాళ్ళకు తారీకులు గుర్తుండవు గాని, సంత ఏ వారమో మరిచిపోయేవాళ్ళు ఉండరు. నెల, పక్షం, వారం మూడూ దొరికితే పంచాంగంలో మిగిలేవి రెండు తేదీలు, మహా అయితే మూడు. అప్పుడు మంత్రసానిని పిలిపించి పురిటిస్నానం ఎన్నడు పోశావని అడిగితే ఆ రెండింటిలో ఒకటి నిలిచేది. ఒక్కొక్క పిల్లకు రెండు మూడు సాయంత్రాలు పట్టేవి. తేలనప్పుడు తేలలేదని రిమార్కుల గడిలో రాసేవారే గాని, ఊహించి తేదీ వేసేవారు కాదు.

ఆ వెళ్ళినచోట తండ్రి అరుగు మీద కూర్చుని ఉన్నా, నాన్నగారు గుమ్మం దగ్గర నిలబడి తల్లినే అడిగేవారు. కన్నది ఆవిడ, గుర్తు ఆవిడకు ఉంటుంది అనేవారు. ఆనాటి రిజిస్టరులో తండ్రి లేక సంరక్షకుడి పేరుకు గడి ఉండేది, తల్లి పేరుకు ఉండేది కాదు. నాన్నగారు తండ్రి పేరు కిందనే సన్న అక్షరాలతో తల్లి పేరు కూడా రాసేవారు. దీనికి ఇంకొక అవసరం కూడా ఉండేది. మన వైపు బడిలో ఒకే తరగతిలో ఇద్దరు సింహాచలాలు, ముగ్గురు సూర్యనారాయణలు, ఒక ముఖలింగం, ఒక కూర్మారావు ఉంటారు. ఒక్కోసారి ఇంటిపేరు, తండ్రి పేరు కూడా కలుస్తాయి. అమ్మ పేరుతో మాత్రం పిల్లవాడు ఎవరో తేలిపోతాడు.

కొన్నేళ్ళు ఆయన సీతంపేట కొండల దిగువన పని చేశారు. ఆ ప్రాంతం ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. అక్కడి రిజిస్టరులో మాతృభాష అన్న గడిలో అంతకు ముందు పేజీలన్నిటా తెలుగు అని ఉంటే, ఆయన చేరిన నెల నుంచి సవర అని కనిపిస్తుంది. వంశధార ఒడ్డునే పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించిన గిడుగు రామమూర్తి గారంటే నాన్నగారికి దేవుడితో సమానం. ఆ గడిలో తెలుగు అని రాస్తే ఆయన ముందు తలెత్తుకోలేను అనేవారు.

రిజిస్టరులో ఆఖరి గడి, బడి విడిచిన కారణం. పనుల కోసం ఇంటిల్లిపాదీ వలసపోయినప్పుడు చాలా బడుల్లో దీర్ఘకాలిక గైర్హాజరు అని రాసి పేరు కొట్టివేసేవారు. నాన్నగారి పేజీల్లో 'వలస. తిరిగి రావలసినది' అని ఉంటుంది. తిరిగి వచ్చినవాళ్ళను పాత నంబరు మీదనే చేర్చుకుని, పక్కన తేదీ వేసి పొట్టి సంతకం చేసేవారు. పొలాల్లో గోగు కోసి ఊరవేసే రోజుల్లో పిల్లలు బడికి రాకపోతే, ఆ కంపులో మోకాలి లోతు నీళ్ళలోకి దిగి పిల్లల్ని పేరుపెట్టి పిలిచి తెచ్చుకున్న మనిషి. అలాంటివాడికి ఒక పేరు మీద అడ్డగీత గీయడం ఎంత కష్టమో నేను చూశాను.

ఆయన రాసిన ఒక్క వరస ఎంత బరువు మోసిందో చెప్పే సంగతి ఒకటి నా కళ్ళ ఎదుట జరిగింది. 2009 చివరలో ఆయన పాత శిష్యుడు ఒకతను, తాపీ పనికి విశాఖపట్నం వైపు వెళ్ళినవాడు, లారీ గుద్ది చనిపోయాడు. భార్య, ముగ్గురు ఆడపిల్లలు మిగిలారు. వాహన ప్రమాదాల్లో నష్టపరిహారం లెక్క కట్టేటప్పుడు చనిపోయినవారి ఏడాది సంపాదనను హెచ్చవేసే గుణకం వయసును బట్టి మారుతుంది. 41 నుంచి 45 ఏళ్ళ వారికి 14, 51 నుంచి 55 ఏళ్ళ వారికి 11. అతని ఓటరు కార్డులో లెక్కకు 53 ఏళ్ళు వస్తున్నాయి. బడి రిజిస్టరు ప్రకారం 45. తేడా మూడేళ్ళ సంపాదన. అవతలి వకీలు ఆ రిజిస్టరు నమ్మదగినది కాదని వాదించాడు. ఆ చేతిరాత తనదేనని చెప్పడానికి, 80వ ఏట, నాన్నగారు కోర్టు బోను ఎక్కారు. నేను సెలవు పెట్టి వెంట వెళ్ళాను.

పల్లెటూరి మనిషి పుట్టిన తేదీ 1964 మే 28 అని మీకు అంత కచ్చితంగా ఎలా తెలుసు అని వకీలు అడిగాడు. నాన్నగారు చదువుకున్నవాళ్ళ భాష వదిలేసి, ఆ తల్లి 1969లో తనతో అన్న మాటను అన్నట్టుగానే చెప్పారు. "రేడియోలో నెవురు బాబు పోనాడని సెప్పినారు మేష్టారూ, ఆ మర్నాడే మా గుంటడు పుట్టినాడు." నెహ్రూ గారు పోయింది 1964 మే 27న కనుక మర్నాడు 28 అవుతుందని, ఊరంతా పంచాయతీ రేడియో దగ్గర గుమిగూడిన సాయంత్రం ఎవరూ మరిచిపోరని, అయినా తాను మంత్రసానిని కూడా అడిగానని ఆయన నెమ్మదిగా వివరించారు. ఆ తరువాత రిజిస్టరు తిప్పి తండ్రి పేరు కింద ఉన్న సన్న అక్షరాలను వేలితో చూపించారు. ఆ తల్లి అప్పటికే చనిపోయింది. వకీలు ఇంక ప్రశ్న వేయలేదు. 45 ఏళ్ళ లెక్కనే పరిహారం వచ్చింది. ఆ ముగ్గురు ఆడపిల్లల్లో చిన్నది నాన్నగారి పెద్దకర్మ నాడు వచ్చి, విస్తళ్ళు ఎత్తి, రాత్రి దాకా ఉండి వెళ్ళింది. తాను ఎవరో నేను అడిగే దాకా చెప్పలేదు.

నా సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆయన ఎంత నిక్కచ్చి మనిషో చెప్పడానికి అంతకన్నా రుజువు నా దగ్గర లేదు. నేను ప్లవ నామ సంవత్సరం మార్గశిరంలో, 1961 డిసెంబరులో పుట్టాను. నన్ను నాన్నగారే తన బడిలో చేర్చుకున్నారు. ఆ రోజు మా మేనమామ, పిల్ల రేపు ఉద్యోగం చేస్తుందేమో, ఒకటి రెండేళ్ళు తగ్గించి రాయండి బావా, నీ చేతిలో పనే కదా అన్నాడట. ఊళ్ళో కలిగినవాళ్ళందరూ అడిగే మాటే అది. నాన్నగారు ఉన్న తేదీయే రాశారు. నేను ప్రభుత్వ ఉద్యోగంలో చేరి, పింఛను కాగితాలు చూసే సీటులో చాలా ఏళ్ళు పని చేసి, మళ్ళీ ప్లవ నామ సంవత్సరమే తిరిగి వచ్చిన 2021 డిసెంబరు 31న, 60 ఏళ్ళకు పదవీ విరమణ చేశాను. ఆ మర్నాటి నుంచి, అంటే 2022 జనవరి 1 నుంచి, రాష్ట్రంలో విరమణ వయసును 62కు పెంచారు. మామయ్య అడిగినట్టు తగ్గించి ఉంటే నాకు మరికొన్నేళ్ళ ఉద్యోగం ఉండేది.

ఆ వార్త విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాన్నగారి మీద కోపం వచ్చింది. మర్నాడు పొద్దున్న ఆయన, 90 ఏళ్ళ మనిషి, కర్ర పట్టుకుని నా మంచం దగ్గరకు వచ్చి కూర్చున్నారు. "నీకు నష్టం చేశాను తల్లీ. కానీ నీ పేరు కింద వరసలో ఉన్న పిల్లకు ఎవరు తగ్గించి రాస్తారు?" అన్నారు. నా పేరు తరువాతి నంబరు మా వీధి చివర ఉండే చాకలివారి అమ్మాయిది. మేమిద్దరం ఒకే రోజు బడిలో చేరాము. నేను జవాబు చెప్పలేదు. లేచి ఆయనకు కాఫీ పెట్టి ఇచ్చాను. మా అమ్మ పోయినప్పటి నుంచి నా పెళ్ళి దాకా, తాను బడికి వెళ్ళే ముందు నాకు రెండు జడలు వేసి పంపిన చేతులు అవి. పాపిట వంకరపోతే విప్పి మళ్ళీ తీసేవారు. రిజిస్టరులో రూళ్ళకర్ర పెట్టి గీత గీసినంత తిన్నగా ఉండేది నా పాపిట. ఆ చేతులు నాకు అబద్ధపు తేదీ రాయలేదని కోపం పెట్టుకోవడానికి ఒక రాత్రి కంటే ఎక్కువ నాకు మనసు రాలేదు.

ఇప్పుడు నేను అడగదలచిన విషయానికి వస్తున్నాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడిచెట్లు నేలకూలాయి. ఆ తరువాత వంశధారకు వరద వచ్చింది. మా ఊళ్ళో కరెంటు లేదు, ఫోన్లు లేవు. వాన తెరిపి ఇచ్చిన రోజున 87 ఏళ్ళ నాన్నగారు నన్ను బడికి తీసుకువెళ్ళమన్నారు. పెంకులు లేచిపోయిన గదిలో, బీరువా కింది అరలో రిజిస్టర్లు తడిసి ముద్దయి ఉన్నాయి. ప్రధానోపాధ్యాయురాలి అనుమతితో వాటిని అరుగు మీదకు తెచ్చాము. నాన్నగారు కుర్చీలో కూర్చుని, ఏ పేజీ ముందు విప్పాలో, ఏది ఇంకా అంటుకుని ఉందో చెబుతుంటే, నేనూ నా కొడుకూ ఇద్దరు టీచర్లూ కలిసి పేజీకీ పేజీకీ మధ్య పాత వార్తాపత్రిక ముక్కలు పెట్టి, తడి పీల్చగానే మార్చి, నులకమంచం మీద నీడన ఆరబెట్టాము. నాలుగు రోజులు పట్టింది. ఊదారంగు సిరాతో రాసిన పేజీలు కొట్టుకుపోయి మరకలు మిగిలాయి. నీలి నల్ల సిరాతో రాసినవి, ఆయన రాసినవన్నీ, చెక్కుచెదరలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఇన్‌స్పెక్టరుగారు బ్లూబ్లాక్ తప్ప మరొకటి వాడవద్దని చెప్పారట. ఆయన మాట విన్నందుకు ఈనాటికి ఫలితం దక్కిందని నాన్నగారు చిన్నపిల్లవాడిలా సంబరపడ్డారు. ఆరాక పేజీల మధ్య ఎండు వేపాకు పెట్టి, తానే గుడ్డలో చుట్టి ఇచ్చారు.

2022లో మూడు, నాలుగు, అయిదు తరగతులను దగ్గరి ఉన్నత పాఠశాలలకు తరలించినప్పుడు, ఆ తరువాత మళ్ళీ బడులను పునర్వ్యవస్థీకరించినప్పుడు, పిల్లలు ఎక్కడికి వెళ్ళాలో ఉత్తర్వుల్లో ఉంది, పంతుళ్ళు ఎక్కడికి వెళ్ళాలో ఉంది. పాత రిజిస్టర్లు ఎవరి చేతిలో ఉండాలో తేలక, చాలా చోట్ల అవి మూతపడ్డ గదుల్లోనే ఉండిపోయాయి. నాన్నగారు పోయాక, ఆయన శిష్యురాలు ఒకామె పుట్టిన తేదీ ధ్రువపత్రం కావాలని వస్తే, నేను ఆమెతో కలిసి ఆయన ఒకప్పుడు పని చేసిన ఒక బడికి వెళ్ళాను. ఊరి పేరు రాయను, అక్కడివారిని నొప్పించడం నా ఉద్దేశం కాదు. బడిలో ఇప్పుడు పిల్లలు లేరు. 1958 నుంచి ఉన్న రిజిస్టర్లు గోనెసంచుల్లో, మధ్యాహ్న భోజనపు పాత గిన్నెల పక్కన, వంటగది మూలన ఉన్నాయి. ఒక సంచికి చెద పట్టింది. చేతిలోకి తీసుకుంటే మధ్య పేజీలు మట్టిలా రాలాయి. ఆమె చేరిన సంవత్సరం ఆ సంచిలోనే ఉంది. ఆమె ఏమీ అనలేదు. రాలిన ముక్కలను కొంగులో పోగు చేసుకుని, మేష్టారి రాతేనా చూడమ్మా అని అడిగింది. ఒక ముక్క మీద తల్లి పేరులోని సగం అక్షరాలు కనిపించాయి. ఆయన రాతే.

అడ్మిషన్ రిజిస్టరు శాశ్వత రికార్డు అని మీకు నేను చెప్పనక్కరలేదు. జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. 2023 అక్టోబరు 1న, ఆ తరువాత పుట్టినవారికి జనన ధ్రువపత్రమే ఆధారమని చట్టం సవరించారు. మరి అంతకు ముందు పుట్టి, అప్పట్లో ఎక్కడా నమోదు కాని లక్షలమందికి బడి రికార్డే దిక్కు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ కూడా పిల్లల వయసు తేల్చవలసి వచ్చినప్పుడు ముందు చూడమన్నది బడి ఇచ్చిన పుట్టిన తేదీ ధ్రువపత్రాన్ని, పరీక్షల బోర్డు ఇచ్చిన మెట్రిక్యులేషన్ ధ్రువపత్రాన్నే. పదో తరగతి దాకా చదవనివారికి, అంటే మన జిల్లాల నుంచి తాపీ పనికి హైదరాబాదు, చెన్నై వెళ్ళినవారికి, చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్ళినవారికి, బోర్డు కాగితం ఉండదు. ఊరి బడిలో ఒకటో తరగతి వరస ఒక్కటే ఉంటుంది. ఈ పదేళ్ళుగా చేరిన పిల్లల వివరాలు కంప్యూటరులో ఉన్నాయి. వాళ్ళ తాతల, తండ్రుల వివరాలు చెద తినే కాగితం మీదే ఉన్నాయి.

అందుచేత నా మనవి ఇది. విలీనమైన, మూతపడ్డ ప్రతి బడి రిజిస్టర్లు ఇప్పుడు ఎక్కడ ఉన్నాయో, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు ఉన్నాయో మండలాల వారీగా జాబితా తయారు చేయించండి. బడి మూతపడ్డా దాని 11 అంకెల గుర్తింపు సంఖ్య, అంటే యూడైస్ కోడ్, రికార్డుల్లో ఉంటుంది కనుక, ఆ కోడ్ కిందనే ఈ జాబితా పెడితే ఎక్కడో చెన్నైలో ఉన్న మనిషి తన రిజిస్టరు ఏ ఆఫీసులో ఉందో వెతుక్కోగలడు. పొడిగా ఉండే ఒక గది, ఇనుప బీరువా, ఏడాదికి ఒకసారి వానలకు ముందు తీసి చూసే ఒక బాధ్యుడు ప్రతి మండలానికి ఉండాలి. స్కానింగు ఖర్చు పెద్దదనుకుంటే ముందు 1985కు పూర్వపు పుస్తకాలతో మొదలుపెట్టండి. అవే ముందు పోతున్నాయి. ఫోనుతో తీసిన ఫొటో అయినా, ఏమీ లేకపోవడం కంటే మేలు. మీలో చాలామంది మీద ఎంత పనిభారం ఉందో, ఎన్ని యాప్‌లలో ఎన్ని ఫొటోలు పెట్టవలసి వస్తోందో నాకు తెలుసు. పనికి మనుషులు చాలరని తెలిసే, అడగడంతో సరిపెట్టుకోకుండా నా వంతుగా ఏమి చేయగలనో కూడా రాస్తున్నాను.

నేను విశ్రాంత ఉద్యోగిని. 30 ఏళ్ళకు పైగా పాత కాగితాలు చదివే పనిలోనే ఉన్నాను. కరణాల గొలుసుకట్టు రాత చదవగలను, తెలుగు అంకెలు చదవగలను, తడిసిన పుస్తకం ఎలా విప్పాలో నాన్నగారి దగ్గర నేర్చుకున్నాను. నాతో వచ్చే విశ్రాంత ఉపాధ్యాయులు నలుగురు ఉన్నారు, అందులో ఇద్దరు నాన్నగారి శిష్యులే. మీరు అనుమతి పత్రం ఇచ్చి, మీ సిబ్బంది ఒకరిని ఎదురుగా కూర్చోబెడితే, ఏ మండలానికి రమ్మన్నా మా ఖర్చులతో వచ్చి రోజంతా కూర్చుని పేజీలు ఆరబెట్టి, దుమ్ము దులిపి, ఫొటోలు తీసి, జాబితా రాసి ఇస్తాము. అన్నం మేమే తెచ్చుకుంటాము. ఒక్క పుస్తకం కూడా గది దాటించము.

మొదటగా ఆ గోనెసంచులు ఉన్న బడికే పిలవమని కోరుతున్నాను. చెద పట్టని సంచులు అక్కడ ఇంకా మూడు ఉన్నాయి. వచ్చే వానల లోపు వాటిని తీయాలి.

భవదీయురాలు,
ఒక ఎలిమెంటరీ బడి ఉపాధ్యాయుడి కూతురు
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా